మిషన్‌లో 4.1, ల్యాబ్‌లో 3.4... ఏది నమ్మాలి? ఇంట్లో ఐఎన్ఆర్ చూసుకునేవాళ్ళు చెప్పండి

అమ్మకోసం
అమ్మకి గుండెలో మెకానికల్ (కృత్రిమ) మైట్రల్ వాల్వ్ వేసి ఆరేళ్ళయింది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతోంది. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్‌కి డాక్టర్ పెట్టిన టార్గెట్ 2.5 నుంచి 3.5. ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డల భయం. ఇన్నాళ్ళూ ల్యాబ్‌కే వెళ్ళేవాళ్ళం. కానీ అమ్మ చేతిలో నరం దొరకడం చాలా కష్టం. రెండు మూడు సార్లు గుచ్చితే గానీ రక్తం రాదు. ఆ తర్వాత వారం రోజులు మోచేతి దగ్గర నీలంగా కమిలిపోయి ఉంటుంది. ప్రతిసారీ అది చూడలేక, వేలి చుక్కతో ఐఎన్ఆర్ చూసే మిషన్ తెప్పించాం.

నిన్న పొద్దున మొదటిసారి చూశాం. 4.1 చూపించింది. గుండె ఆగినంత పనైంది. గంటలోపే ల్యాబ్‌కి తీసుకెళ్ళి చేయిస్తే 3.4 వచ్చింది. ఒకే మనిషి, ఒకే పూట. మిషన్‌ని నమ్మి రాత్రి మాత్ర ఆపేసి ఉంటే ఏమయ్యేది? అన్నయ్యేమో "దాన్ని తిరిగి పంపించెయ్, ఈ నంబర్ల గొడవ మనకొద్దు" అంటున్నాడు. అమ్మేమో మళ్ళీ చేతికి సూది అంటేనే బెదిరిపోతోంది. వాడేవాళ్ళు కాస్త చెప్పండి.

పదిహేనేళ్ళ_వార్ఫరిన్
ముందు ఊపిరి పీల్చుకోండి. మాత్ర ఆపకుండా ల్యాబ్‌లో సరిచూసుకున్నారు, సరైన పనే చేశారు. మొదటి రీడింగే కాబట్టి దాన్ని బట్టి మిషన్‌ని తీసిపారెయ్యకండి, నెత్తిన పెట్టుకోనూ వద్దు. చుక్క ఎలా తీశారు? ఒక్కసారికే సరిపోయిందా?

నీలిమూత
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ఈ పరీక్షకి రక్తం తీసే నీలం మూత ట్యూబులతోనే నా రోజంతా గడుస్తుంది. కొంచెం వివరంగా చెబుతాను.

ఐఎన్ఆర్ అనేది షుగర్ లాగా రక్తంలో ఉండే పదార్థం కొలత కాదు. రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, దాన్ని మామూలు మనిషి సెకన్లతో భాగించి, పరీక్షలో కలిపిన రసాయనం (రీఏజెంట్) బలాన్ని బట్టి సరిచేసిన లెక్క అది. ఒక ల్యాబ్‌లో 30 సెకన్లు వచ్చిందనుకోండి. మామూలు 12 అయితే నిష్పత్తి 2.5. ఆ రీఏజెంట్ బలాన్ని చెప్పే అంకె ఐఎస్ఐ; అది 1.0 అయితే ఐఎన్ఆర్ కూడా 2.5. అదే రక్తం ఇంకో ల్యాబ్‌లో వేరే రీఏజెంట్‌తో 24 సెకన్లే పట్టవచ్చు. అప్పుడు నిష్పత్తి 2. ఆ రీఏజెంట్ ఐఎస్ఐ 1.32 అయితే 2 కి 1.32 ఘాతం వేస్తే మళ్ళీ 2.5 దగ్గరికే వస్తుంది. ఈ సవరణ కోసమే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్ఆర్ పద్ధతి తెచ్చింది. అంతకుముందు ఒక చోటి సెకన్లకీ ఇంకో చోటి సెకన్లకీ పొంతనే ఉండేది కాదు.

సవరణ ఎంత చేసినా చిన్న తేడా మిగిలే ఉంటుంది. టార్గెట్ లోపల ఉన్నప్పుడు మిషన్‌కీ ల్యాబ్‌కీ 0.5 దాకా తేడా ఉంటే మేం పట్టించుకోం. 4 దాటాక మిషన్లు కాస్త ఎక్కువగా చూపించడం తెలిసిన విషయమే. అందుకే పెద్ద నంబర్ వస్తే నరం నుంచి తీసి సరిచూస్తారు. మీది 0.7 తేడా. కొంచెం ఎక్కువే, కానీ మిషన్ పాడైందని చెప్పేంత కాదు.

ఇంకొకటి. ల్యాబ్ కూడా తప్పు చెప్పగలదు. ఆ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ముందే పోసి ఉంటుంది. దానికి తొమ్మిది వంతుల రక్తం పడాలి. నరం దొరక్క రక్తం సగమే వచ్చిన ట్యూబుని అలాగే పరీక్షిస్తే ఐఎన్ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. మీ అమ్మగారికి నరం దొరకదన్నారు కదా, ఈసారి ట్యూబు మీద గీత దాకా నిండిందో లేదో చూడండి. నిండకపోతే మళ్ళీ తియ్యమని అడగండి. మొహమాటపడకండి.

పొడిచిన_వేలు
ట్యూబు సగం నిండితే తప్పు వస్తుందని పదేళ్ళుగా ఎవరూ నాకు చెప్పలేదు. థాంక్స్ నీలిమూత గారూ.

రాత్రి_డ్యూటీ
నర్సుని. నాకు అనుమానం వేలి చుక్క మీదే. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు ఒకటుంది: గుచ్చాక రక్తం రాకపోతే వేలి కొనని గట్టిగా పిండేస్తారు. అలా పిండితే రక్తంతోపాటు కణజాలం నీరు కూడా వస్తుంది. అందులో గడ్డకట్టడాన్ని కదిలించే పదార్థం ఉంటుంది. నంబర్ చెడుతుంది.

నేను చెప్పే పద్ధతి ఇది. గోరువెచ్చని నీళ్ళతో సబ్బు పెట్టి చేతులు కడిగి, పూర్తిగా తుడవాలి. తడి ఉంటే చుక్క పలచబడుతుంది. చెయ్యి కిందికి వేలాడదీసి ఒక నిమిషం ఉంచాలి. అరచేతి నుంచి వేలి వైపు మెల్లగా నిమరాలి. ముందు స్ట్రిప్ మిషన్‌లో పెట్టి, అది సిద్ధం అన్నాకే గుచ్చాలి. ముందు గుచ్చేసి తర్వాత స్ట్రిప్ వెతుక్కుంటే అప్పటికే చుక్క గడ్డకట్టడం మొదలవుతుంది. వేలి కొన మధ్యలో కాదు, పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. నా పేషెంట్ల దగ్గర ఎక్కువగా చూసే మిషన్‌కైతే గుచ్చిన 15 సెకన్లలో చుక్క అందాలి. చాలకపోతే రెండో చుక్క కలపకూడదు. ఆ స్ట్రిప్ పోయిందనుకుని, కొత్తది తీసి వేరే వేలికి వెళ్ళాలి.

అమ్మకోసం
రాత్రి_డ్యూటీ గారూ, మీరు పక్కన నిలబడి చూసినట్టే చెప్పారు. ముందు గుచ్చాను. రక్తం రాలేదు. పిండాను. చిన్న చుక్క వచ్చింది, స్ట్రిప్‌కి పెట్టాను, మిషన్ ఏమీ అనలేదు. ఇంకో చుక్క పిండి దానికే కలిపాను. అన్నీ తప్పులే! ఇప్పుడు అర్థమైంది.

రాత్రి_డ్యూటీ
అందరూ అలాగే మొదలుపెడతారు. స్ట్రిప్ దండగైందని బాధపడకండి, తప్పు నంబర్‌తో మందు మారిస్తే జరిగే నష్టంతో పోలిస్తే అదెంత.

జాగ్రత్త_మనిషి
అందరూ ఎలా గుచ్చాలో చెబుతున్నారు గానీ అసలు ఇంట్లో ఈ మిషన్ ఉండాలా అని ఎవరూ అడగడం లేదు. మా బాబాయికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పే జబ్బు. మిషన్ కొన్న మొదటి నెల బాగానే ఉంది. తర్వాత రోజూ చూడ్డం మొదలుపెట్టాడు. ఇవాళ 3.2 వస్తే సగం మాత్ర తగ్గించడం, ఎల్లుండి 2.1 వస్తే ఒకటి పెంచడం. ఎవరినీ అడగడు, "నంబర్ నా కళ్ళ ముందే ఉందిగా" అనేవాడు. ఒకరోజు పొద్దున కుడి కన్ను ముందు పరదా జారినట్టయింది. పది నిమిషాల్లో తగ్గింది. ఆసుపత్రిలో చూస్తే ఐఎన్ఆర్ 1.5. మినీ స్ట్రోక్ అన్నారు. అదృష్టం బాగుండి చూపు నిలిచింది. మిషన్ లేకపోతే ఆయన డాక్టర్ చెప్పిన డోసే వేసుకునేవాడు. మీ అన్నయ్య మాట కొట్టిపారెయ్యకండి.

టిక్‌టిక్_గుండె
జాగ్రత్త_మనిషి గారూ, మీ బాబాయిగారికి జరిగింది చదివి బాధేసింది. కానీ అక్కడ తప్పు మిషన్‌ది కాదు. పరీక్ష చేసుకోవడం వేరు, డోసు మార్చుకోవడం వేరు. ఇంట్లో చూసి నంబర్ డాక్టర్‌కి చెబితే డోసు ఆయన చెబుతారు, అది ఒక పద్ధతి. శిక్షణ తీసుకుని, రాసిచ్చిన పట్టిక ప్రకారం తామే డోసు సర్దుకోవడం ఇంకో పద్ధతి. మీ బాబాయిగారు చేసింది ఈ రెండూ కాదు.

ఇంటి పరీక్ష వల్ల మేలుందా అని చాలా పరిశోధనలు జరిగాయి. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ 11 అధ్యయనాలు, 6,417 మంది వివరాలు కలిపి చూసింది. ఇంట్లో చూసుకున్నవాళ్ళలో రక్తపు గడ్డల ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది. తీవ్రమైన రక్తస్రావంలో, మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో చూసుకుంటే రక్తస్రావం పెరుగుతుందనే భయానికి ఆ లెక్కల్లో ఆధారం దొరకలేదన్నమాట.

నా వాల్వ్ వేసి పదకొండేళ్ళు. రాత్రి నిశ్శబ్దంలో పక్కవాళ్ళకి కూడా టిక్ టిక్ వినిపిస్తుంది. మా చిన్నది మూడేళ్ళప్పుడు నా ఛాతీ మీద చెవి పెట్టి "నాన్న గడియారం మింగేశాడు" అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది :)

జాగ్రత్త_మనిషి
లెక్క ఒకవైపే చెప్పారు. 2010లో అమెరికాలో 2,922 మందితో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఇంట్లో వారానికోసారి చూసుకున్నవాళ్ళనీ, క్లినిక్‌లో నెలకోసారి బాగా చూసినవాళ్ళనీ పోల్చారు. స్ట్రోక్, పెద్ద రక్తస్రావం, మరణం, వీటిలో తేడా తేలలేదు. టార్గెట్ లోపల ఉన్న సమయం కొంచెం మెరుగు, అంతే.

టిక్‌టిక్_గుండె
నిజమే. ఆ అధ్యయనం నేనూ చదివాను. కానీ అందులో క్లినిక్ వైపు వాళ్ళకి క్రమం తప్పకుండా, నెలనెలా మంచి పర్యవేక్షణ దొరికింది. నరం దొరక్క, వెళ్ళలేక మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకునే మనిషి పరిస్థితి అది కాదు. పైగా ఆ అధ్యయనంలోనే ఇంట్లో చూసుకున్నవాళ్ళు ఎక్కువ తృప్తిగా ఉన్నారని తేలింది. నా వరకు ప్రశ్న ఒక్కటే. మిషన్ లేకపోతే ఈ మనిషి పరీక్ష ఎన్నాళ్ళకోసారి జరుగుతుంది?

జాగ్రత్త_మనిషి
ఆ మాట ఒప్పుకుంటాను. మా బాబాయి లాంటివాళ్ళకి మాత్రం మిషన్ ఇచ్చేముందు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఆయనకి ఎవరూ చెప్పలేదు. నా బాధ అదే.

లెక్కల_మాస్టారు
బాబాయిగారి నంబర్ ఎందుకలా ఊగిసలాడిందో చెబుతాను. మా ఆవిడకి వాల్వ్ వేశాక దీన్ని కూర్చుని నేర్చుకున్నాను.

వార్ఫరిన్ రక్తంలో ఉన్న గడ్డకట్టే పదార్థాలని ఏమీ చెయ్యదు. కాలేయం విటమిన్ కె సాయంతో కొత్తవి తయారుచేయడాన్ని మందగింపజేస్తుంది. 2, 7, 9, 10 అనే నాలుగు ఫ్యాక్టర్లు అలా తగ్గుతాయి. పాతవి అరిగిపోయేదాకా ఆగాలి. 7వ ఫ్యాక్టర్ ఆరు గంటల్లో సగమవుతుంది. 2వది, అంటే ప్రోత్రాంబిన్, సగమవడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అందుకని ఇవాళ మార్చిన డోసు రేపటి నంబర్‌లో సరిగ్గా కనిపించదు. రెండు మూడు రోజులకి కదలిక తెలుస్తుంది, పూర్తి ఫలితానికి వారం దాకా పడుతుంది. రోజూ చూసి రోజూ మార్చితే, సోమవారం చేసిన మార్పు ఫలించకముందే బుధవారం దానికి ఎదురు మార్పు చేసినట్టవుతుంది. నీళ్ళు వేడెక్కలేదని కుళాయి తిప్పేస్తూ పోతే చివరికి ఒళ్ళు కాలడమో, వణకడమో తప్పదు.

డాక్టర్లు ఒక్క రోజు మాత్ర గురించి ఆలోచించరు, వారం మొత్తం లెక్కేస్తారు. రోజుకి 5 మిల్లీగ్రాములంటే వారానికి 35. సాధారణంగా మార్పు వారం మొత్తంలో 5 నుంచి 20 శాతం మధ్యే ఉంటుంది. 10 శాతమంటే వారానికి 3.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఇది విషయం అర్థం కావడానికి చెప్పాను, దయచేసి ఎవరూ దీన్ని చూసి డోసు మార్చుకోవద్దు.

పదిహేనేళ్ళ_వార్ఫరిన్
కుళాయి పోలిక బాగుంది మాస్టారూ. మా ఇంట్లో చదివి వినిపించాను.

ఎసినో_వాడుక
నాది వార్ఫరిన్ కాదు, ఎసినోకౌమరాల్. మిషన్ దీనికీ పనిచేస్తుందా?

నీలిమూత
పనిచేస్తుంది. రెండూ ఒకే జాతి మందులు, విటమిన్ కె దారినే ఆపుతాయి. తేడా ఏంటంటే వార్ఫరిన్ ఒంట్లో సగమవడానికి సుమారు 40 గంటలు, ఎసినోకౌమరాల్‌కి 8 నుంచి 11 గంటలే. ఒక మాత్ర మర్చిపోతే మీ నంబర్ తొందరగా పడిపోతుంది. కాబట్టి మీరు టైమ్ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి.

కొత్తగా_చేరా
నేను రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే కొత్త రకం మందు అపిక్సాబాన్ వేసుకుంటున్నాను. నేనూ మిషన్ కొనాలా? చదువుతుంటే టెన్షన్ వస్తోంది.

రాత్రి_డ్యూటీ
వద్దండీ. అపిక్సాబాన్, రివరాక్సాబాన్, డాబిగట్రాన్, వీటికి ఐఎన్ఆర్ టార్గెట్ లేదు. మిషన్‌లో ఏ నంబర్ వచ్చినా మీ మందు ఎంత పనిచేస్తోందో అది చెప్పదు. మీరు చూసుకోవాల్సింది కిడ్నీ పరీక్షలు డాక్టర్ చెప్పినప్పుడు చేయించుకోవడం, మాత్ర మర్చిపోకుండా ఉండడం. ఈ మందుల ప్రభావం ఒక రోజులోనే చాలావరకు దిగిపోతుంది.

పొడిచిన_వేలు
మరి అందరికీ ఆ కొత్త మందే ఇచ్చేస్తే ఈ బాధ ఉండదు కదా? నా డాక్టర్ ఎంత అడిగినా మార్చలేదు.

టిక్‌టిక్_గుండె
మెకానికల్ వాల్వ్ ఉందా మీకు? ఉంటే మీ డాక్టర్ సరిగ్గానే ఆపారు. మెకానికల్ వాల్వ్‌లకి డాబిగట్రాన్ ఇచ్చి చూసిన అధ్యయనం 2013లో వచ్చింది. గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువైంది, మధ్యలోనే ఆపేశారు. తర్వాత ఒక రకం అయోర్టిక్ వాల్వ్‌కి అపిక్సాబాన్ ఇచ్చి చూశారు. అందులోనూ గడ్డలు ఎక్కువ రావడంతో 2022లో ఆపేశారు. మనకి ఈ పాత మాత్రే దిక్కు. అది మనల్ని బతికిస్తోంది కూడా.

పొడిచిన_వేలు
ఉంది, మైట్రల్. ఇన్నాళ్ళూ ఆయన మొండిగా ఉన్నారనుకున్నాను. ఇలా వివరంగా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

గడ్డిమేట_చరిత్ర
పాత మాత్ర అన్నారు కాబట్టి దాని కథ చెప్పాలనిపించింది. 1920లలో కెనడాలో, ఉత్తర అమెరికా మైదానాల్లో పశువులు చిన్న గాయానికే రక్తం కారిపోయి చనిపోయేవి. చెమ్మకి బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసినవాటికే అలా జరుగుతోందని పశువైద్యులు కనిపెట్టారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోంచి డైకౌమరాల్‌ని వేరుచేసింది. దాని వారసురాలే వార్ఫరిన్. పరిశోధనకి డబ్బిచ్చిన విస్కాన్సిన్ ఆలమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ పేరులోని మొదటి అక్షరాలతోనే (WARF) ఆ పేరు మొదలవుతుంది. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది, 1954లో మనుషుల మందైంది. మరుసటి ఏడే గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఇచ్చారు.

ఎసినో_వాడుక
ఎలుకల మందు అనే మాట మా అమ్మమ్మకి మాత్రం తెలియనివ్వకండి, రేపటి నుంచి నన్ను వేసుకోనివ్వదు :)

యాంటీబయాటిక్_దెబ్బ
మిషన్ వల్ల నేను బయటపడ్డ సంగతి చెబుతాను. పళ్ళ చిగుళ్ళు వాస్తే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. వార్ఫరిన్ వాడుతున్నానని చెప్పాను, ఐదు రోజులే కదా అన్నారు. నాలుగో రోజు పళ్ళు తోముకుంటే నురగంతా ఎర్రగా వచ్చింది. ఉమ్మితే ఆగడం లేదు. మిషన్‌లో చూస్తే 6.8. అంతకుముందు వారం 2.7 ఉంది. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేస్తే రమ్మన్నారు, నరం నుంచి తీసి చూస్తే 6.1. రెండు రోజులు మాత్ర ఆపించి, మళ్ళీ చూసి, తగ్గించి మొదలుపెట్టారు. నెలకోసారి పరీక్ష అయితే నాకు మూడు వారాల తర్వాత గానీ తెలిసేది కాదు.

అప్పటి నుంచి ఏ కొత్త మందు మొదలుపెట్టినా, ఆపినా, మూడో రోజునుంచి ఐదో రోజులోపు ఒకసారి చూస్తాను. ఇది నా డాక్టర్ చెప్పిన నియమమే.

రాత్రి_డ్యూటీ
ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లుకోనజోల్, గుండె లయకి ఇచ్చే అమియోడరోన్, ఇవి ఐఎన్ఆర్‌ని పెంచుతాయి. రిఫాంపిసిన్, కార్బమజెపైన్ దించుతాయి. వాటిని ఆపినప్పుడు మళ్ళీ ఎగబాకుతుంది, అదే చాలామంది మర్చిపోయేది. ఇక ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నంబర్‌ని పెద్దగా కదపకుండానే కడుపులో రక్తస్రావం తెప్పించగలవు. మిషన్‌లో 2.8 ఉంది కదా అని నొప్పి మాత్ర వేసుకోకండి. జ్వరం, విరేచనాలు, తిండి సహించకపోవడం, వీటిలోనూ నంబర్ పెరుగుతుంది. అప్పుడు ఒకసారి ఎక్కువ చూసుకోవాలి.

కూరల_సందేహం
ఆకుకూరలు పూర్తిగా మానేయమన్నారు మాకు. మానేశాం. అయినా నంబర్ నిలకడగా లేదు.

పదిహేనేళ్ళ_వార్ఫరిన్
నేనూ మొదటి రెండేళ్ళు అలాగే మానేశాను. తర్వాత ఒక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె అసలు తినకపోతే ఒంట్లో నిల్వ తక్కువగా ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు కొంచెం తిన్నా నంబర్ ఒక్కసారిగా పడిపోతుంది. మానేయడం కాదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినడం ముఖ్యం. మీరు ఎంత తింటారో దానికి తగ్గట్టు డోసు సరిచేస్తారు. మళ్ళీ మొదలుపెట్టేముందు మాత్రం చెప్పి మొదలుపెట్టండి, ఆ వారాల్లో పరీక్ష దగ్గరదగ్గరగా ఉండాలి.

ఏపీఎస్_తో_నేను
ఒక హెచ్చరిక. నాకు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఏపీఎస్) ఉంది, ఒంట్లోని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డలు కట్టే జబ్బు. మిషన్ 4.6 అంటుంది, ల్యాబ్ 2.4 అంటుంది. చెయ్యి సరిగ్గా కడిగినా, చుక్క సరిగ్గా తీసినా అదే తేడా. మా ఒంట్లో ఉన్న యాంటీబాడీలు స్ట్రిప్‌లోని రసాయనంతో కలబడతాయట. నాలాంటివాళ్ళు వేలి మిషన్‌ని నమ్ముకోకూడదు. నాకు ఒక్కోసారి 10వ ఫ్యాక్టర్ పరీక్ష చేసి డోసు నిర్ణయిస్తారు. మిషన్ కొనేముందు మీ జబ్బు ఏదో చెప్పి అడగండి. నేను అడక్కుండా కొన్నాను.

నీలిమూత
సరిగ్గా చెప్పారు. బాగా రక్తహీనత ఉన్నవాళ్ళకి కూడా స్ట్రిప్ హద్దులుంటాయి. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, ఎంత నుంచి ఎంత వరకు సరిపోతుందో స్ట్రిప్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది.

స్ట్రిప్పుల సంగతి కూడా. డబ్బా మూత తీసి వదిలెయ్యకండి, చెమ్మ తగిలితే పాడవుతాయి. ఎండలో నిలిపిన బండిలో అస్సలు ఉంచొద్దు. కొత్త డబ్బాతో కోడ్ చిప్ వస్తే పాత చిప్ తీసి కొత్తది పెట్టండి. స్ట్రిప్పుల తయారీలోనే తేడా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2018లో ఒక రకం స్ట్రిప్పులు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తున్నాయని అమెరికాలో పెద్ద ఎత్తున వెనక్కి తీసుకున్నారు. అందుకే డబ్బా మీద ఉన్న లాట్ నంబర్ పుస్తకంలో రాసుకోమంటాను. ఆరునెలలకో, డాక్టర్ చెప్పినప్పుడో ల్యాబ్‌తో పోల్చి చూసుకోండి.

లెక్కల_మాస్టారు
పుస్తకం అన్నారు కాబట్టి ఒక మాట. ఒక్క నంబర్ చూసి కంగారుపడేకన్నా టార్గెట్‌లో ఎన్ని రోజులున్నామో చూడండి. 1993లో రోజెండాల్ చెప్పిన పద్ధతి చాలా సులువు. రెండు రీడింగుల మధ్య గీత తిన్నగా గీసినట్టు ఊహించుకోవాలి. ఉదాహరణకి టార్గెట్ 2.5 నుంచి 3.5. ఒకరోజు 2.1, పద్నాలుగు రోజుల తర్వాత 3.5. అంటే రోజుకి 0.1 పెరిగిందనుకుంటాం. మొదటి నాలుగు రోజులు కింద ఉన్నారు, మిగతా పది రోజులు లోపల. 14లో 10, అంటే 71 శాతం. 65, 70 శాతం దాటితే బాగున్నట్టు. మా ఆవిడది పోయినేడు 58, ఈ ఏడు 76. ఆ 76 చూసిన రోజు తను ఎంత సంతోషపడిందో!

కొత్తగా_చేరా
నాకు సంబంధం లేకపోయినా మొత్తం చదివాను. మా మామయ్యకి పంపిస్తున్నాను, ఆయనది వార్ఫరిన్. ఒక సందేహం, రక్తం పలచన చేసే మందు అంటారు కదా, నిజంగా నీళ్ళలా పలచబడుతుందా?

నీలిమూత
లేదు. చిక్కదనం మారదు, గడ్డకట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది. ట్యూబులో చూస్తే అందరి రక్తంలాగే ఉంటుంది.

వేదిక_నిర్వాహకుడు
చర్చ చక్కగా సాగుతోంది. ఒకటి పైన అతికిస్తున్నాను. తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా, నంబర్ బాగున్నా సరే, ఆసుపత్రికి వెళ్ళాలి. నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, ఎంతకీ ఆగని ముక్కు రక్తం, ఎన్నడూ లేని తలనొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒకవైపు చెయ్యి లేవకపోవడం... వీటికి ముందు మిషన్ తీసి కూర్చోవద్దు, బయల్దేరండి. వాల్వ్ ఉన్నవాళ్ళకి టిక్ టిక్ చప్పుడు ఉన్నట్టుండి మందగించినా, వినిపించకపోయినా అంతే. ఇక్కడ ఎవరూ ఎవరికీ డోసు చెప్పొద్దు.

టిక్‌టిక్_గుండె
ఆ చప్పుడు మాట రాసినందుకు థాంక్స్. అది చాలామందికి తెలియదు.

మర్చిపోయే_నేను
మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేకపోతే ఏం చేస్తారు? నాకు నెలకోసారైనా ఇలా అవుతోంది.

పదిహేనేళ్ళ_వార్ఫరిన్
ఏడు గదుల డబ్బా పెట్టుకోండి. ఆదివారం పొద్దున వారానికి సరిపడా సర్దేస్తాను. గది ఖాళీ అయితే వేసుకున్నట్టు. అదేరోజు గుర్తొస్తే వేసుకోమన్నారు నాకు. తెల్లారాక గుర్తొస్తే వదిలెయ్యమన్నారు, రెండూ కలిపి వేసుకోవద్దన్నారు. వదిలేసిన రోజు పుస్తకంలో గుండ్రంగా చుట్టి ఉంచితే, తర్వాత నంబర్ తగ్గినప్పుడు కారణం వెతుక్కోనక్కర్లేదు.

అమ్మకోసం
అయిదు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా. మిషన్ తిరిగి పంపలేదు. డాక్టర్‌కి ఫోన్ చేసి రెండు నంబర్లూ చెప్పాను. మూడుసార్లు ఒకేపూట మిషన్‌లో, ల్యాబ్‌లో చూపించి రమ్మన్నారు. ఈసారి చేతులు వేడినీళ్ళతో కడిగి, చెయ్యి కిందికి వేలాడదీసి, స్ట్రిప్ పెట్టాకే గుచ్చాం. ట్యూబు గీత దాకా నిండిందో లేదో నేనే వంగి చూశాను. మిషన్ 3.1, ల్యాబ్ 2.9. తర్వాత 2.8, 2.7. మూడోది 3.3, 3.0. డాక్టర్ చూసి "చాలు, ఇక ఇంట్లోనే చూసుకోండి" అన్నారు.

ఒక కాగితం కూడా రాసిచ్చారు. వారానికోసారి, ఆదివారం పొద్దున. ఎంత దాకా వస్తే ఏమీ మార్చకూడదో, ఎంతకి కింద వచ్చినా పైన వచ్చినా అదేరోజు ఫోన్ చెయ్యాలో, ఎంత దాటితే ల్యాబ్‌లో సరిచూడాలో, అన్నీ ఉన్నాయి. డోసు ఆయన చెబితేనే మారుతుంది. జాగ్రత్త_మనిషి గారూ, మీ బాబాయిగారి సంగతి డాక్టర్‌కి చెప్పాను. ఈ కాగితం అందుకే ఇస్తానన్నారాయన.

జాగ్రత్త_మనిషి
చాలా సంతోషం అమ్మా. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అతికించండి, అందరికీ కనిపించేలా.

రాత్రి_డ్యూటీ
ఇప్పుడు ఎవరు గుచ్చుతున్నారు, మీరేనా?

అమ్మకోసం
మొదటి రెండు వారాలు నేను. మూడో ఆదివారం అమ్మే చెయ్యి చాపి "ఇటివ్వు, నేను చేసుకుంటా" అంది. మోచేతి దగ్గర ఆ నీలం మచ్చ పూర్తిగా పోయింది. అన్నయ్య ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి "అమ్మా, ఎంతొచ్చింది?" అని అడుగుతున్నాడు. ఇవాళ అమ్మ తన చేత్తోనే పుస్తకంలో రాసుకుంది: ఎడమ చేతి ఉంగరం వేలు, 2.9.